నోటి బ్యాక్టీరియా, గుండె వాల్వు ఇన్ఫెక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకు, ముఖ్యంగా వాల్వులకు వచ్చే ఇన్ఫెక్షన్. ఈ మాటను చాలామంది మొదటిసారి వినేది ఆసుపత్రి మంచం పక్కనే. అప్పటికి నెలా రెండు నెలలుగా జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడేసి ఉంటారు. "నోట్లో ఉండే బ్యాక్టీరియా గుండెలోకి వెళ్లడమేమిటి?" అని ఇంట్లోవాళ్లు నమ్మలేనట్టు అడుగుతారు. గుండె వాల్వు సమస్య ఉన్నవాళ్లనూ, వాళ్లను చూసుకునేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులు ఇవి. మందుల మోతాదులు చెప్పినచోట అవి మీ డాక్టరుతో మాట్లాడటానికే, సొంతంగా వేసుకోవడానికి కాదు.

ఈ బ్యాక్టీరియా పుట్టినప్పటినుంచీ నోట్లోనే ఉంది కదా, ఇన్నాళ్లూ ఏమీ చేయనిది ఇప్పుడెందుకు చేసింది?

బ్యాక్టీరియా మారలేదు, అది ఉన్న చోటు మారింది. నాలుక మీద, పళ్ల మీద, చెంపల లోపలి వైపు వందల రకాల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో పెద్ద వర్గం విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్. నోట్లో ఉన్నంతకాలం వీటితో మనకు పేచీ లేదు. పైగా, ఇంతకంటే చెడ్డ క్రిములకు చోటివ్వకుండా అడ్డుపడతాయి కూడా. అదే క్రిమి రక్తంలోకి జారి, అప్పటికే దెబ్బతిన్న వాల్వును పట్టుకుంటే మాత్రం వారాల తరబడి నెమ్మదిగా దాన్ని తినేస్తుంది. పంటికి అంటుకోవడానికి ఏ జిగురును వాడుకుంటుందో, వాల్వు మీది చిన్న గడ్డకు అంటుకోవడానికీ దాదాపు అదే నేర్పు పనికొస్తుంది. చక్కెరతో జిగట పదార్థం తయారుచేసుకునే రకాలు ఈ వర్గంలో చాలానే ఉన్నాయి.

వీటి పేర్లేమిటి? రిపోర్టులో రాసింది అర్థం కావడం లేదు.

రిపోర్టులో ఎక్కువగా కనిపించేవి స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, మైటిస్, ఓరాలిస్, గోర్డోనీ, మ్యూటాన్స్. మ్యూటాన్స్ అంటే పళ్లు పుచ్చిపోవడానికి ముఖ్య కారణమని పేరు పడ్డదే. సాంగ్వినిస్ పేరులో రక్తం అన్న అర్థం ఉంది. ఎండోకార్డైటిస్ రోగుల రక్తంలోంచి వేరుచేసినప్పుడు పెట్టిన పేరు అది. విరిడాన్స్ అంటే లాటిన్‌లో పచ్చదనం. రక్తం కలిపిన అగార్ (క్రిములను పెంచే జెల్లీ) మీద పెంచినప్పుడు ఈ క్రిముల చుట్టూ పచ్చటి ఛాయ వస్తుంది, ల్యాబులో వీటిని గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు అదే.

నోటినుంచి వచ్చేవి ఇవే కావు. హాసెక్ అని పిలిచే నెమ్మదిగా పెరిగే క్రిముల గుంపు ఉంది. అబియోట్రోఫియా, గ్రాన్యులికాటెల్లా అనేవి ఉన్నాయి. చివరి రెండూ మామూలు అగార్ మీద సరిగ్గా పెరగవు, విటమిన్ బి6 రూపం ఒకటి అందిస్తేనే పెరుగుతాయి.

రిపోర్టులో స్ట్రెప్టోకాకస్ గాల్లోలిటికస్ అని ఉంటే మాత్రం అది నోటిది కాదు, పేగుది. దాన్ని పాతకాలంలో బోవిస్ అనేవారు. అది కనిపిస్తే పెద్దపేగులో కణితి ఉందేమో చూడటానికి కొలనోస్కోపీ చేయిస్తారు. డాక్టరు ఆ పరీక్ష రాస్తే "గుండె జబ్బుకు కడుపు పరీక్షేమిటి?" అని తోసేయకండి.

నేను పన్ను పీకించుకోలేదు. మరి రక్తంలోకి ఎలా వెళ్లింది?

ఇది చాలామందికి మింగుడుపడని విషయం. పన్ను పీకినప్పుడు రక్తంలోకి బ్యాక్టీరియా వెళుతుందని 1935లోనే ఇద్దరు పరిశోధకులు రక్తం తీసి మరీ చూపించారు. అప్పటినుంచీ డాక్టర్ల చూపంతా డెంటల్ కుర్చీ మీదే నిలిచిపోయింది. కానీ నమిలినప్పుడు, బ్రష్‌తో తోముకున్నప్పుడు, పళ్ల మధ్య దారంతో శుభ్రం చేసుకున్నప్పుడు కూడా కొద్ది కొద్దిగా క్రిములు రక్తంలోకి జారుతూనే ఉంటాయి. చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే తక్కువ. వాచి, కాస్త తాకితే చాలు రక్తం కారే స్థితిలో ఉంటే చాలా ఎక్కువ. పన్ను పీకించుకోవడం జీవితంలో నాలుగైదు సార్లు. నమలడం, తోముకోవడం ఏడాదికి వేలసార్లు. లెక్క ఎటు మొగ్గుతుందో మీరే చూడండి.

చిగురు, పన్ను కలిసే చోట కణాల పొర చాలా పల్చన. ముదిరిన చిగుళ్ల జబ్బులో పంటి చుట్టూ సందు ఏర్పడి, ఆ పొర పుండులా అవుతుంది. నోటి మొత్తం మీద అలా బయటపడే వైశాల్యాన్ని 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల వరకు లెక్కగట్టారు. అంత పుండు చేతిమీద ఉంటే ఒక్కరోజు ఊరుకోం. నోట్లో ఉంది కాబట్టి ఏళ్లతరబడి ఊరుకుంటాం.

అయితే అందరికీ రావాలి కదా?

రాదు. ఎక్కువమందిలో రక్తంలోకి వచ్చిన ఈ క్రిములు కొద్ది నిమిషాల్లోనే తుడిచిపెట్టుకుపోతాయి. కాలేయం, ప్లీహం, తెల్లకణాలు ఆ పని చూసుకుంటాయి. నునుపుగా ఉన్న వాల్వుకు ఈ క్రిములు అంటుకోలేవు. అన్ని రకాల క్రిములూ కలిపి చూసినా ఎండోకార్డైటిస్ ఏడాదికి లక్షమందిలో సుమారు 3 నుంచి 10 మందికి వస్తుంది.

వాల్వు వంకరపోయి గానీ, బిగుసుకుపోయి గానీ ఉంటే రక్తం దాని గుండా సన్నని ధారగా, ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ తాకిడికి లోపలి పొర గీరుకుపోతుంది. గీరుకున్న చోట శరీరం మామూలుగా చేసే మరమ్మతే చేస్తుంది: ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ అనే ప్రోటీన్ దారాలు కలిసి చిన్న గడ్డ కడుతుంది. దానిలో క్రిమి ఉండదు, దానివల్ల హాని కూడా ఉండదు. సరిగ్గా ఆ సమయంలో రక్తంలో తేలుతూ వచ్చిన స్ట్రెప్టోకాకస్ దానికి అతుక్కుందంటే కథ మారిపోతుంది. క్రిమి పెరుగుతుంది, దాని మీద మళ్లీ ఫైబ్రిన్ పొర కడుతుంది, దాని కింద క్రిమి ఇంకా పెరుగుతుంది. ఇలా పొర మీద పొరగా తయారైన ముద్దను వెజిటేషన్ అంటారు. దానిలో రక్తనాళాలు ఉండవు కాబట్టి తెల్లకణాలు లోపలికి చొరబడలేవు. గ్రాముకు వంద కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉండగలిగేంత చిక్కటి ముద్ద అది.

ఎవరికి ముప్పు ఎక్కువ?

కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకు, లోహపుదైనా, జంతు కణజాలంతో చేసినదైనా, కాలి రక్తనాళం గుండా పంపి అమర్చినదైనా. ఇంతకుముందు ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లకు. పుట్టుకతో గుండెలో లోపం ఉండి శరీరం నీలంగా మారే జబ్బు ఉన్నవాళ్లలో ఆపరేషన్ కానివారికి. అతుకు వేసినా దాని పక్కనే ఇంకా లీక్ మిగిలినవారికి. ఈ నాలుగు గుంపులే అన్నిటికంటే పైమెట్టున ఉంటాయి.

వీళ్ల తర్వాతి మెట్టు మీద ఉన్నవాళ్లు చాలామంది. రుమాటిక్ జ్వరం వల్ల చెడిపోయిన మిట్రల్ వాల్వు (గుండె ఎడమ గదుల మధ్య ఉండేది), పుట్టుకతోనే మూడుకు బదులు రెండే రెక్కలున్న అయోర్టిక్ వాల్వు, లీక్ ఉన్న మిట్రల్ ప్రొలాప్స్ (వాల్వు రెక్క వెనక్కి ఉబ్బడం), వయసు పైబడి కాల్షియం పేరుకున్న వాల్వు. రుమాటిక్ గుండె జబ్బు ఇంకా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈ ఇన్ఫెక్షన్‌కు నోటి స్ట్రెప్టోకాకస్‌లదే పెద్ద వాటా. సంపన్న దేశాల్లో చర్మం, సిరలోని గొట్టాల ద్వారా వచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ ఇప్పుడు ముందుంది.

స్టెంట్, బైపాస్, పేస్‌మేకర్ ఉన్నవాళ్ల సంగతి?

స్టెంట్, బైపాస్ ఉన్నది గుండె రక్తనాళాల్లో, వాల్వుల మీద కాదు. పళ్ల పనికి ముందు వీటికోసం యాంటీబయాటిక్ అక్కర్లేదు. పేస్‌మేకర్ తీగకు ఇన్ఫెక్షన్ రావచ్చు, కానీ అది ఎక్కువగా చర్మపు క్రిముల వల్ల. దానికీ డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేముందు మాత్ర అవసరం లేదు.

లక్షణాలు ఎలా ఉంటాయి?

నోటి క్రిమి వల్ల వచ్చేది చప్పుడు లేకుండా మొదలవుతుంది. లోజ్వరం. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు పట్టి దిండు తడవడం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు, ఏ పనీ చేయబుద్ధి కాని నిస్సత్తువ. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ గుండె వైపు వేలు చూపదు. టైఫాయిడ్, క్షయ, కీళ్లవాతం, చివరికి బెంగ అని కూడా పేరు పెట్టేసి వారాలు గడిపేస్తారు. క్రిమి రక్తంలోకి వచ్చిన రెండు వారాల్లోపే ఎక్కువమందికి లక్షణాలు మొదలవుతాయి. రోగం బయటపడటానికి మాత్రం నెలలు పడుతుంది.

ఇంటి దగ్గరే గమనించగలిగేవి కొన్ని ఉన్నాయి. గోరు కింద సన్నని గీతల్లా రక్తపు చారలు. వేళ్ల కొసల మెత్తటి భాగంలో నొక్కితే నొప్పి పుట్టే చిన్న బుడిపెలు, వీటిని ఓస్లర్ నోడ్లు అంటారు. అరచేతిలో, అరికాలిలో నొప్పి లేని ఎర్రమచ్చలు, ఇవి జేన్‌వే మచ్చలు. కంటి రెప్ప లోపల చిన్న రక్తపు చుక్కలు. పుస్తకాల్లో ఇవి చాలా ప్రసిద్ధి, రోగుల్లో మాత్రం కొద్దిమందిలోనే కనిపిస్తాయి. ఇవి లేవు కాబట్టి జబ్బు లేదనుకోవడం పెద్ద పొరపాటు. దాదాపు అందరిలో ఉండేది జ్వరం, ఆ తర్వాత స్టెతస్కోపుకు వినిపించే మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వచ్చే అదనపు శబ్దం).

వాల్వు సమస్య ఉన్నవాళ్లకు జ్వరం వస్తే ముందు ఏం చేయాలి?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి.

కారణం తెలియని జ్వరం మూడు నాలుగు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకునే ముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో క్రిమి ఉందేమో ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రక్తం ఇవ్వండి. "నాకు వాల్వు జబ్బు ఉంది, కల్చర్ తీశాక మందు రాయండి" అని నోరు తెరిచి అడగండి. జలుబు, గొంతునొప్పి లాంటి కారణం కళ్లముందు ఉంటే డాక్టరు వేరే నిర్ణయం తీసుకోవచ్చు. ఏ కారణమూ లేని జ్వరానికి మందుల షాపులో నాలుగు అమాక్సిసిలిన్ మాత్రలు కొనుక్కోవడం ఈ జబ్బులో అన్నిటికంటే చెడ్డ పని.

కారణం సూటిగానే ఉంది. నోటి స్ట్రెప్టోకాకస్‌లకు చాలా యాంటీబయాటిక్‌లంటే భయమే. నాలుగు మాత్రలకే రక్తంలో తేలేవి చచ్చిపోతాయి, జ్వరం తగ్గుతుంది, మీకు హాయిగా ఉంటుంది. వెజిటేషన్ లోపల ఉన్నవాటిని ఆ మోతాదు తాకను కూడా తాకదు. మందు ఆపిన వారం పది రోజులకు జ్వరం తిరిగొస్తుంది. మళ్లీ మాత్రలు, మళ్లీ ఊరట. ఈలోగా వాల్వు రెక్క చిరుగుతూనే ఉంటుంది. చివరికి పెద్దాసుపత్రికి చేరి రక్తం తీస్తే కల్చర్‌లో ఏమీ పెరగదు. ఏ క్రిమో తెలియదు, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియదు. ఊహతో రెండు మూడు బలమైన మందులు కలిపి వాడాల్సి వస్తుంది, వాటిలో కిడ్నీలకూ చెవులకూ చేటు చేసేవి ఉంటాయి.

ఒక రకంగా ఇది జ్వరం తగ్గడం మంచిదనుకునే మన నమ్మకం మోసం చేసే జబ్బు. "మందు వేస్తే తగ్గింది, ఆపితే వచ్చింది" అనే మాట వాల్వు రోగి నోటినుంచి వస్తే అనుభవమున్న డాక్టరు కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

కల్చర్‌కు మూడుసార్లు రక్తం ఎందుకు తీస్తారు? ఒక్కసారి చాలదా?

చాలదు. సాధారణంగా వేర్వేరు చోట్ల గుచ్చి మూడు సెట్లు తీస్తారు, సెట్‌కు రెండు సీసాలు, పెద్దవాళ్లయితే సీసాకు సుమారు 10 మిల్లీలీటర్లు. ఒక్క సీసాలో పెరిగితే అది చర్మం మీదిదేమో అన్న అనుమానం మిగులుతుంది. మూడింటిలోనూ అదే క్రిమి పెరిగితే ఇక వాదన లేదు. ఎండోకార్డైటిస్‌లో క్రిములు రక్తంలోకి ఆగకుండా కారుతూనే ఉంటాయి కాబట్టి చలీ జ్వరం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఎప్పుడు తీసినా దొరుకుతాయి.

"అంత రక్తం తీస్తే నీరసం రాదా?" అని కొందరు గొడవపడతారు. మొత్తం కలిపి 60 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఇచ్చేదానిలో ఐదో వంతు కూడా కాదు.

ఎకో ఒకటి చేశారు, ఏమీ లేదన్నారు. అయినా మళ్లీ ఎందుకు?

ఛాతీ మీద పరికరం పెట్టి, ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకోలో చిన్న వెజిటేషన్లు తప్పిపోవచ్చు, కృత్రిమ వాల్వు ఉంటే మరీను, దాని నీడ చుట్టుపక్కలను కప్పేస్తుంది. అందుకే గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం పంపి వెనక వైపు నుంచి చూసే టీఈఈ చేస్తారు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, కానీ గుండెకు అంత దగ్గరగా మరే దారిలోనూ వెళ్లలేం. అనుమానం బలంగా ఉండి మొదటిసారి కనిపించకపోతే వారంలోపు మళ్లీ చేస్తారు. కృత్రిమ వాల్వులో అనుమానం తీరకపోతే ఇన్ఫెక్షన్ ఉన్న చోటును వెలిగించి చూపే పెట్ సీటీ స్కాన్ సాయపడుతుంది.

కల్చర్, ఎకో, లక్షణాలు, శరీరం మీద కనిపించే గుర్తులు అన్నీ కలిపి తూచడానికి డాక్టర్లు వాడేవి డ్యూక్ ప్రమాణాలు. 1994లో వచ్చాయి, ఆ తర్వాత సవరించారు, 2023లో మళ్లీ తాజా చేశారు.

చికిత్సకు నాలుగు వారాలు, ఆరు వారాలు ఎందుకు? జ్వరం వారంలోనే తగ్గింది కదా.

వెజిటేషన్‌లోకి రక్తనాళాలు లేవని పైన చెప్పుకున్నాం. మందు దాని పైనుంచి ఇంకుతూ లోపలికి పోవాలి. లోపలి క్రిములు సగం నిద్రలో ఉంటాయి, పెరగడం ఆపేసి ఉంటాయి. పెనిసిలిన్ జాతి మందులు పెరుగుతున్న క్రిమినే బాగా చంపుతాయి. అందుకే ఎక్కువ మోతాదులో, సిరలోకి, ఎక్కువకాలం.

మందుకు బాగా లొంగే నోటి స్ట్రెప్టోకాకస్ సొంత వాల్వు మీద ఉంటే పెనిసిలిన్ గానీ, రోజుకు ఒక్కసారి 2 గ్రాముల సెఫ్ట్రియాక్సోన్ గానీ నాలుగు వారాలు. చిక్కులు లేని కొందరిలో జెంటామైసిన్ కలిపి రెండు వారాలతో ముగించే పద్ధతీ ఉంది, కిడ్నీలు, చెవులు బాగుంటేనే. కృత్రిమ వాల్వు అయితే ఆరు వారాలు. లెక్క మొదలయ్యేది మందు ఎక్కించిన రోజు నుంచి కాదు, కల్చర్‌లో క్రిమి పెరగని మొదటి రోజు నుంచి. ఈ చిన్న విషయం తెలియక "నెల అయింది, ఇంకా పంపడం లేదు" అని వార్డుల్లో తగవులు పడుతుంటారు.

అన్నాళ్లూ ఆసుపత్రిలోనే ఉండాలా? మాత్రలతో కుదరదా?

కొందరికి కుదురుతుంది. డెన్మార్క్‌లో 400 మంది మీద చేసిన పోయెట్ అనే అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మొదట కనీసం పది రోజులు సిరలోకి మందు ఎక్కించి, పరిస్థితి నిలకడపడ్డాక మిగతా రోజులు మాత్రలకు మార్చినవాళ్లు, చివరిదాకా సిరలోనే ఎక్కించుకున్నవాళ్లకంటే వెనకబడలేదని తేలింది. కానీ వాళ్లను ఏరి ఎంచుకున్నారు, రెండు రకాల మాత్రలు కలిపి ఇచ్చారు, వారానికి రెండు మూడుసార్లు చూస్తూ ఉన్నారు. "మాత్రలతో కూడా తగ్గుతుందట" అని సగం వార్త పట్టుకుని డిశ్చార్జ్ అడగొద్దు.

ఆపరేషన్ ఎప్పుడు అవసరం?

వాల్వు చిరిగి గుండె రక్తాన్ని నెట్టలేక ఆయాసం మొదలైతే, మందులు వేస్తున్నా రక్తంలో క్రిములు పోకపోతే, వాల్వు చుట్టూ చీము గడ్డ కడితే, పెద్ద వెజిటేషన్ ఊగుతూ ముక్కలు తెగి పడుతుంటే. ఎండోకార్డైటిస్ వచ్చినవారిలో దాదాపు సగం మంది ఏదో ఒక దశలో ఆపరేషన్ దాకా వెళతారు. "ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక చేయిద్దాం" అని ఇంట్లోవాళ్లు అడగడం సహజమే. కానీ గుండె అలసిపోతున్నప్పుడు ఆగడమే ఎక్కువ ప్రమాదం.

ఈసీజీలో కొత్తగా పీఆర్ విరామం (గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) పెరిగితే చీము గడ్డ గుండె కరెంటు తీగల దాకా వచ్చిందన్న అనుమానం. రోజూ ఈసీజీ తీస్తున్నారని విసుక్కోకండి.

గుండె జబ్బుకు పక్షవాతం ఎలా వచ్చింది?

వెజిటేషన్ ముక్క తెగి రక్తంతో పాటు మెదడుకు పోతే పక్షవాతం. ప్లీహానికి పోతే ఎడమ డొక్కలో నొప్పి. కిడ్నీకి పోతే మూత్రంలో రక్తం. 10 మి.మీ. కంటే పెద్దది, అందులోనూ మిట్రల్ వాల్వు మీద బాగా ఊగుతూ ఉన్నదైతే ముప్పు ఎక్కువ. ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, సరైన మందు మొదలయ్యాక మొదటి రెండు వారాలు దాటితే ఈ ముప్పు బాగా పడిపోతుంది. చికిత్స ఒక్కరోజు ముందు మొదలైనా తేడా వచ్చేది ఇక్కడే.

మెదడు రక్తనాళం గోడ ఇన్ఫెక్షన్‌తో బుడగలా ఉబ్బడం కూడా ఉంది. వార్డులో ఉండగా కొత్తగా తీవ్రమైన తలనొప్పి వస్తే నర్సుకు వెంటనే చెప్పాలి, నొప్పి మాత్ర అడిగి ఊరుకోకూడదు.

పెనిసిలిన్ రాకముందు ఈ జబ్బు వస్తే?

దాదాపు అందరూ చనిపోయేవారు. విలియం ఓస్లర్ అనే వైద్యుడు 1885లో లండన్‌లో ఈ జబ్బు మీద మూడు ప్రసంగాలు చేశాడు. అప్పటికి దాన్ని వర్ణించడం తప్ప చేయగలిగింది లేదు. సంగీతకర్త గుస్తావ్ మాలర్ కథ వైద్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు వాల్వు లోపం ఉందని 1907లో తెలిసింది. 1911 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జ్వరంతోనే కచేరీ నడిపించాడు, అదే ఆఖరిది. ఇమాన్యుయెల్ లిబ్మన్ అనే డాక్టరు ఎండోకార్డైటిస్ అని అనుమానించాడు, రక్తం కల్చర్ చేస్తే స్ట్రెప్టోకాకస్ పెరిగింది. నిర్ధారణ సరిగ్గా జరిగింది, మందే లేదు. మే 18న వియన్నాలో కన్నుమూశాడు. నేటి రోగుల్లో చాలామందికి మందు సిద్ధంగా ఉంటుంది, నిర్ధారణే ఆలస్యమవుతుంది.

డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా?

పైన చెప్పిన పైమెట్టు నాలుగు గుంపుల్లో మీరు ఉంటే, అవును. గుండె లోపాన్ని కృత్రిమ పదార్థంతో పూర్తిగా సరిచేసిన మొదటి ఆరు నెలలు కూడా ఇందులోకే వస్తాయి. చిగురును కదిపే పనులకు, అంటే పన్ను పీకడం, గార తీయడం, పంటి వేరు కొస దగ్గర చేసే పనులకు. పెద్దవాళ్లకు మామూలుగా 2 గ్రాముల అమాక్సిసిలిన్, పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. పిల్లలకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు. తర్వాత ఐదు రోజుల కోర్సు అక్కర్లేదు.

ఆరోగ్యంగా ఉన్న చోట మత్తు ఇంజెక్షన్, పళ్ల ఎక్స్‌రే, కట్టుడు పళ్ల అమరిక, బ్రేసెస్ సర్దడం, పాలపళ్లు ఊడటం, పెదవికి దెబ్బ తగిలి రక్తం రావడం, వీటికి అవసరం లేదు.

మా డాక్టరు ఇంతకుముందు వేసుకోమన్నారు, ఇప్పుడు వద్దంటున్నారు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు, నియమమే మారింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1955లో మొదటిసారి ఈ సలహా ఇచ్చినప్పటినుంచీ దశాబ్దాలపాటు జాబితా పొడవుగా ఉండేది. మిట్రల్ ప్రొలాప్స్, రుమాటిక్ వాల్వు ఉన్నవాళ్లంతా మాత్ర వేసుకునేవారు. 2007లో ఆ జాబితాను ముప్పు ఎక్కువున్నవారికే కుదించారు. రోజూ తోముకోవడంలో, నమలడంలో జరిగే దానితో పోలిస్తే ఏడాదికి ఒకసారి డెంటిస్ట్ దగ్గర జరిగేది చిన్నదన్నది అందుకు ముఖ్య కారణం. ఇంగ్లండ్‌లోని వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2008లో ఇంకా ముందుకెళ్లి ఎవరికీ వద్దంది. 2016లో "మామూలుగా వద్దు" అని మార్చి పట్టు కొంచెం సడలించింది. కొన్ని దేశాల్లో రుమాటిక్ వాల్వు ఉన్నవారికి ఇప్పటికీ ఇస్తారు. కాబట్టి మీ గుండె డాక్టరు ఏం చెప్పారో కాగితం మీద రాయించుకుని డెంటిస్ట్‌కు చూపించడం మేలు.

నా మటుకు నాకు, ఈ మాత్ర చుట్టూ జరిగే చర్చలో సగమైనా చిగుళ్ల గురించి జరిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

పెనిసిలిన్ పడదు. మరి?

ఎలా పడదో ముందు సరిగ్గా చెప్పండి. కడుపు తిప్పడం అలర్జీ కాదు. దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం అయితే అలర్జీ. అప్పుడు అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు లేదా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు ఇస్తారు. ముఖం వాపు, ఊపిరాడకపోవడం, దురదతో ఉబ్బే దద్దుర్లు లాంటివి లేనివారికి సెఫలెక్సిన్ కూడా ఇవ్వొచ్చు. ఇదివరకు క్లిండామైసిన్ ఎక్కువగా వాడేవారు. పేగులో తీవ్రమైన విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడీస్ ఇన్ఫెక్షన్ ముప్పు వల్ల 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని తీసేసింది.

వేరే జబ్బుకు ఇప్పటికే అమాక్సిసిలిన్ వాడుతుంటే అదే సరిపోతుందనుకోకండి. నోట్లోని క్రిములు దానికి అలవాటుపడి ఉంటాయి. వేరే జాతి మందు ఎంచుకుంటారు, లేదా కోర్సు అయ్యాక కనీసం పది రోజులు ఆగుతారు.

వార్ఫరిన్ వాడుతున్నాను. పన్ను పీకించుకోవాలంటే ఆపాలా?

వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, సొంతంగా ఆపొద్దు. లోహపు వాల్వు ఉన్నవాళ్లు నాలుగు రోజులు ఆపితే వాల్వు మీదే రక్తం గడ్డకట్టవచ్చు. ఐఎన్ఆర్ (రక్తం ఎంత సేపటికి గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూపించుకుని వెళితే చాలాసార్లు ఆపకుండానే పన్ను తీసి, అక్కడికక్కడే రక్తం ఆపుతారు. యాంటీబయాటిక్ కోర్సులు ఐఎన్ఆర్‌ను పైకి కిందికి లాగుతాయి, వాడినప్పుడు ఒకసారి అదనంగా చూపించుకోండి.

వాల్వు ఆపరేషన్‌కు ముందు పళ్లు చూపించుకోమంటున్నారు. గుండెకు తొందరగా ఉంటే పళ్లెందుకు?

కొత్త వాల్వు అమర్చాక నోట్లో చీము పట్టిన పన్ను ఉంటే ఎంతటి ఆపరేషన్ అయినా దాని దయ మీద ఉంటుంది. ఆపరేషన్ అత్యవసరం కాకపోతే పుచ్చిన పళ్లు, పంటి వేర్ల కింద చీము, కదులుతున్న పళ్లు ముందే సరిచేయించుకోవాలి. అత్యవసరమైతే మాత్రం గుండెదే ముందు వరుస.

ఇది అంటుకుంటుందా?

అంటుకోదు. పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ముద్దు పెట్టుకున్నా రాదు. నోటి క్రిములు మనుషుల మధ్య మారుతూనే ఉంటాయి, జబ్బు మారదు.

నాలుకకు రింగు పెట్టించుకోవచ్చా?

వాల్వు జబ్బు ఉంటే వద్దు. మానని పుండును నోట్లో పెట్టుకుని తిరగడమే అది.

ఒకసారి తగ్గాక మళ్లీ వస్తుందా?

రావచ్చు. ఒకసారి వచ్చినవాళ్లు జీవితాంతం పైమెట్టు గుంపులోనే ఉంటారు. వాల్వు మీద మిగిలిన మచ్చ కొత్త క్రిమికి మళ్లీ అడుగు పెట్టే చోటు. చికిత్స అయ్యాక మొదటి నెలల్లో జ్వరం వస్తే ఎంత చిన్నదైనా మళ్లీ కల్చరే. డిశ్చార్జ్ కాగితంలో ఏ క్రిమి, ఏ మందు, ఎన్ని రోజులు, చివరి ఎకోలో లీక్ ఎంత అన్నవి రాసి ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే రాయించుకోండి. ఆ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే అర్ధరాత్రి కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

తోముకుంటే చిగుళ్లనుంచి రక్తం వస్తోంది. క్రిములు లోపలికి పోతాయేమో, తోముకోవడం మానేయనా?

మానేయకూడదు. ఈ జబ్బు గురించి విన్నాక భయపడి బ్రష్ పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు, అది సరిగ్గా తలకిందుల పని. రక్తం వస్తోందంటే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం. మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచున కోణంగా పెట్టి, రోజుకు రెండుసార్లు తోముకోండి. పళ్ల మధ్య కూడా శుభ్రం చేసుకోండి. పాచి వల్ల వచ్చిన వాపైతే వారం రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే పాచి గట్టిపడి గారగా మారిందన్నమాట, దాన్ని బ్రష్ తీయలేదు, డెంటిస్ట్ తీయాలి. పైమెట్టు గుంపులో ఉంటే ఆ రోజు మాత్ర వేసుకుని వెళ్లండి. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ ఉంటే సరిపోతుంది.